పాచి, మలాము, ఒక పాత వైద్యగ్రంథం

తోమని పండ్లపై పేరుకొనే జిగురుపొరను, బావిమెట్లపై కాలు జారజేసే పొరను మన భాష ‘పాచి’ అనే ఒక్క మాటతోనే పిలుస్తున్నది. ఈ వాడుక శాస్త్రదృష్టికి చాలా దగ్గరగా ఉన్నదనుటలో అతిశయోక్తి లేదు. ఏదో ఒక తలాన్ని అంటిపెట్టుకొని, తాము స్రవించిన జిగురులోనే గుంపుగా నివసించే సూక్ష్మజీవుల పొరను శాస్త్రజ్ఞులు బయోఫిల్మ్ అంటున్నారు. పండ్లపాచి అందుకు అందరికీ తెలిసిన ఉదాహరణ.

హాలండులోని డెల్ఫ్ట్ నగరంలో బట్టల వ్యాపారి అయిన ఆంటనీ వాన్ లీవెన్‌హుక్ తన పండ్లపాచిని గీకి, స్వయంగా చేసుకొన్న కటకం క్రింద పరిశీలించి, అందులో కదలాడే ప్రాణులను గూర్చి 1683లో లండన్ రాయల్ సొసైటీకి లేఖ వ్రాశాడు. ఉర్దూలో సిర్కా అనే వెనిగర్‌తో పండ్లు కడిగినను పాచి పైభాగాన ఉన్న ప్రాణులే చచ్చినవనీ, అది లోపలికి చొరలేదనీ కూడ ఆయన గమనించాడు. యాంటీబయాటిక్‌లు పుట్టకముందే వాటికి ఎదురు కానున్న చిక్కును ఆ వర్తకుడు చూచినట్లే!

పాచిలోని సూక్ష్మజీవిని చంపుటకు, విడిగా తిరిగే అదే జీవికి చాలిన మందుకంటె కొన్ని సందర్భాలలో వేయిరెట్లు ఎక్కువ కావలసి వస్తుంది. జిగురు కొన్ని మందులను అడ్డగించుట ఒక కారణం. అంతకంటె ముఖ్యమైనది వేరొకటి ఉన్నది. పొర అడుగున గాలి, ఆహారం చాలక కొన్ని కణాలు నిద్రాణస్థితిలో ఉంటాయి. పెన్సిలిన్ పనిచేసేది కణం తన గోడను కట్టుకొనే సమయంలో. తాపీవాని చేయి పట్టుకొనే మందు, పని మాని నిద్రించేవానిని ఏమి చేయగలదు?

దీనిని, జన్యువులలో మార్పువల్ల వచ్చే ఔషధ నిరోధకతను విద్యార్థులు ఒకటిగా భావింపరాదు. మెథిసిలిన్ అనే మందు 1959లో వాడుకలోకి రాగా, దానికి లొంగని స్టెఫైలోకాకస్ 1961లోనే ఇంగ్లండులో కనిపించినది. అటువంటి జీవి పాచి కూడ కట్టినచో వైద్యునికి రెండు కోటలు ఎదురైనట్లు. మధుమేహ రోగుల కాలిపుండ్లు నెలల తరబడి మానకపోవుటకు ఇది ఒక కారణం. మందులకు లొంగని బాక్టీరియా వల్ల 2019లో ప్రపంచంలో సుమారు 12,70,000 మంది మరణించారని అంచనా.

ప్రకృతి పదార్థాలవైపు దృష్టి మళ్లినది ఇందువల్లనే. ఆస్ట్రేలియా తీరపు డెలీసియా పుల్క్రా అనే ఎర్రనాచు, సూక్ష్మజీవులు పరస్పరం పంపుకొనే రసాయన సంకేతాలను చెడగొట్టి తనపై పాచి పట్టనీయదు. దాల్చినచెక్క, పసుపు, తేనెలపైనను పరిశోధనలు విస్తారంగా జరిగాయి. కాని భాషాధ్యాపకునిగా నన్ను ఆకర్షించినది వేరొక ప్రయోగం.

‘బాల్డ్స్ లీచ్‌బుక్’ అనే వెయ్యేండ్లనాటి ఆంగ్ల వైద్యగ్రంథంలో కంటికురుపునకు ఒక మలాము చెప్పబడినది. వెల్లుల్లిని, ‘క్రోప్‌లేయక్’ అనే మరొక దుంపను సమపాళ్లలో నూరి, ద్రాక్షసారాయి, ఎద్దుపిత్తం చేర్చి, ఇత్తడి పాత్రలో తొమ్మిది రాత్రులు ఉంచి, గుడ్డతో వడకట్టి, ఈకతో పూయవలెనట. నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో ప్రాచీనాంగ్ల పండితురాలు క్రిస్టీనా లీ, సూక్ష్మజీవశాస్త్రజ్ఞురాలు ఫ్రేయా హారిసన్ కలిసి దీనిని చేసి చూచారు. ‘క్రోప్‌లేయక్’ అంటే ఉల్లిగడ్డయా, లీక్ అనే ఉల్లిజాతి మొక్కయా అనే సందేహం నిఘంటువులతో తీరలేదు. అందుచేత రెండు విధాలుగాను తయారుచేశారు. మెథిసిలిన్‌కు లొంగని స్టెఫైలోకాకస్‌ను, అది పాచి కట్టిన తరువాత సైతం, ఈ మలాము చంపినదని 2015లో ప్రకటించారు.

2020లో వార్విక్ విశ్వవిద్యాలయ పరిశోధన మరొక మెట్టు ఎక్కినది. వెల్లుల్లిలోని అల్లిసిన్ విడిగా తిరిగే జీవులను చంపుతుంది గాని, పాచిపై వెల్లుల్లి ఒక్కటే పనిచేయలేదు. నాలుగు ద్రవ్యాలు కలిసినప్పుడే బలం వచ్చినది. ఒక మొక్కనుండి ఒక పదార్థాన్ని విడదీసి, తక్కినదంతా పారవేసే అలవాటునకు ఇది గట్టి ప్రశ్న. అయితే ఇది ప్రయోగశాలలోని గాజుపాత్రల ఫలితం. ఎలుకల పుండ్లనుండి తీసిన కణజాలంపైనను పరీక్షించారు. ఇది చదివి ఎవరును కంటికి, పుండుకు వెల్లుల్లి రసం పూయరాదు. పచ్చి వెల్లుల్లి చర్మాన్ని కాల్చుతుంది. వైద్యుడు వ్రాసిన మందు మానరాదు.

మలాము అనే మన మాటయే అరబీ ‘మర్హమ్’ నుండి ఉర్దూ మీదుగా వచ్చినది. ఉర్దూ, తెలుగు రెండును చదువగల విద్యార్థులు మన కళాశాలలో ఉన్నారు. యునానీ, ఆయుర్వేద గ్రంథాలలోని యోగాలను చదివేటప్పుడు వారు కొలత, పాత్ర, దినాల సంఖ్య ఏవియు వదలక వ్రాసికొనవలె. అన్నిటికంటె మొక్కల పేర్లతో జాగ్రత్త అవసరం. ‘రైహాన్’ అంటే మన ప్రాంతంలో తులసి జాతి మొక్క. మఘ్రిబ్ దేశాల అరబీలో అదే పేరు మర్టిల్ అనే వేరొక పొదకు చెల్లుతుంది. గ్రంథకర్త ఏ దేశంవాడో చూడకుండ ఆకు కోసినచో, పరీక్షింపబడేది వేరొక మందు.