నేత్రదానము – దాసోహము



వామకరతలమున ఇష్టలింగమును నిలిపి, దానియందే దృష్టి నిలుపుట మన పూజావిధానము. అట్టి దృష్టికి నోచుకొనని వారెందరో గలరు.

కంటి ముందుభాగమున గాజువలె స్వచ్ఛమైన పొర యొకటి గలదు. దానిని కార్నియా అందురు. గాయము చేతనో, పుండు చేతనో అది తెల్లబారి పువ్వు వేసినచో చూపు పోవును. మృతుల కార్నియాను అమర్చినచో అట్టివారిలో పలువురికి చూపు తిరిగి వచ్చును. కార్నియా మార్పిడి చికిత్సను 1905లో ఎడువర్డ్ జిర్మ్ అను వైద్యుడు తొలిసారి సఫలముగా చేసెను.

"సమాధి చేయవలసిన దేహమునుండి కన్ను తీయవచ్చునా?" యని పెద్దలు శంకింతురు. కార్నియా తీయుటకు అరగంట చాలును. ముఖము వికృతము కాదు. పిదప దేహమును ఆసీనముగా నుంచి, ఇష్టలింగముతో సమాధి చేయు విధులన్నియు యథావిధిగా జరుపవచ్చును. లభించినదానిని ప్రసాదముగా నెంచి పరులకు పంచుటయే బసవేశ్వరుడు బోధించిన దాసోహము. లింగైక్యుడైన వానికి అక్కరలేని కన్ను మరియొకరికి లింగదర్శనము కలిగించినచో, అది దాసోహము కాక మరేమి?

మరణించిన వెంటనే నేత్రనిధికి తెలుపవలెను; ఆరు గంటలలోపు కార్నియాను తీయవలసియుండును. అంతవరకు రెప్పలు మూసి, తడిదూది యుంచి, ఫ్యాను ఆపవలెను. వార్ధక్యము, మధుమేహము, శుక్లముల శస్త్రచికిత్స ఆటంకములు కావు. రేబీస్, హెచ్.ఐ.వి. వంటి వ్యాధులున్నచో స్వీకరింపరు.

మీ సంకల్పమును నేడే ఇంటివారికి తెలిపియుంచుడు. ఆ దుఃఖసమయమున సమ్మతి నీయవలసినవారు వారే.