డ్యూటీ చార్టు వేసేముందు

బుద్వేల్

బుజ్జీ,

నీ మెసేజ్ చదివాను. ఫోన్‌లో అంత టైపు చేయడం నా వల్ల కాదు, అందుకే కాగితం పట్టుకున్నాను. ఎయిర్‌పోర్టు దగ్గర హౌస్‌కీపింగ్ సూపర్‌వైజర్‌గా చేరావనీ, నీ కింద పనిచేసేవాళ్లలో భర్త పోయినవాళ్లు, భర్త వదిలేసినవాళ్లు చాలామంది ఉన్నారనీ, వాళ్లను చూస్తే చేతులెత్తి మొక్కాలనిపిస్తోందనీ రాశావు. మొక్కు, తప్పులేదు. కానీ ఒకసారి దండం పెట్టించుకున్న మనిషి "నా వల్ల కావట్లేదమ్మా" అని నీ దగ్గరికి రాలేదు. అది గుర్తుంచుకో.

అంగన్వాడీలో ఉన్న కాలం నుంచీ ఇలాంటి తల్లులను చూస్తున్నాను. వాళ్ల ధైర్యం చాలావరకు లెక్కలో ఉంటుంది. మా పక్క పోర్షన్‌లో ఉండే ఆమెనే తీసుకో. భర్త లేడు, ఇద్దరు పిల్లలు. జీతం పడిన రోజే కిరాయి, చిట్టీ, ట్యూషన్ ఫీజు పక్కన పెడుతుంది. మిగిలిన దాంట్లోనే కూరగాయలైనా, ఆదివారం కోడికూరైనా. చిట్టీ ఏ నెలలో పాడాలో ఏడాది ముందే అనుకుని పెట్టుకుంది, పెద్దపిల్ల ఇంటర్‌లో చేరే జూన్‌లో. గది చూడ్డానికి వెళ్తే ఓనరు "మీ ఆయన ఏం చేస్తాడు?" అని అడిగాడట. "పని నేను చేస్తాను, కిరాయి నేనే కడతాను" అని చెప్పి అడ్వాన్స్ చేతిలో పెట్టింది. నేనైతే అక్కడ పోట్లాడేదాన్ని, గది పోయేది.

ఆ కిరాయి సంగతి కూడా విను. 2023 ఆగస్టులో హెచ్‌ఎండీఏ వేలంలో మన బుద్వేల్ భూమి ఎకరం 41.75 కోట్ల దాకా పలికింది. అప్పటి నుంచి రేకుల గది ఉన్నవాడు కూడా దాన్ని బంగారమే అనుకుంటున్నాడు. భూమి రేటు పెరిగినట్టు ఊడ్చే మనిషి జీతం పెరగదు కదా.

తెలంగాణ ప్రభుత్వం 2017లో ఒంటరి మహిళలకు నెలకు 1,000 రూపాయల పెన్షన్ మొదలుపెట్టి, 2019లో 2,016 చేసింది. గ్యాస్ బండ, కరెంటు బిల్లు పోను ఏం మిగులుతుందో నువ్వే లెక్కేసుకో. 2023 డిసెంబరు 9న ఆడవాళ్లకు వచ్చిన ఉచిత బస్సు మాత్రం నిజంగా అక్కరకొచ్చింది. అయితే ఎయిర్‌పోర్టుకు వెళ్లే పుష్పక్ బస్సుకు అది వర్తించదు. అందుకే ఎయిర్‌పోర్టు దగ్గరే పనిచేసే మా పక్కింటామె మామూలు సిటీ బస్సులో శంషాబాద్ దాకా వెళ్లి అక్కడ షేర్ ఆటో ఎక్కుతుంది. పొద్దున ఆరు గంటలకు మొదలయ్యే షిఫ్టుకు ఆమె ఎన్నింటికి లేస్తుందో, పిల్లల డబ్బాలు ఎప్పుడు సర్దుతుందో ఆలోచించు. చిన్నవాణ్ని లేపి బడికి పంపే పూచీ నాది.

ఇప్పుడు నీ సంగతి. నువ్వు చార్టులో ఒక పేరు పగటి నుంచి రాత్రికి మారిస్తే, ఇలాంటి ఇంట్లో ముగ్గురి ఏర్పాట్లు తారుమారవుతాయి. నెల చార్టు ముందే ఇవ్వు. రాత్రి డ్యూటీ ఎవరికి కుదురుతుందో అడుగు. "పిల్లాడికి జ్వరం" అంటే సాకు అనుకోకు, చాలాసార్లు జ్వరమే. యాభై మంది, అంతకు మించి ఉద్యోగులున్న చోట క్రెష్ పెట్టాలని, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చని 2017లో చట్టం వచ్చింది. మీ దగ్గర ఉందా? లేకపోతే పైవాళ్లను అడిగే కుర్చీలో నువ్వున్నావు. భరణం కేసని ఎవరైనా లాయర్ ఫీజుకు అప్పు చేస్తుంటే ఆపు. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయర్‌ను ఇస్తుంది. ఈ సంగతి చాలామందికి తెలియదు, నువ్వే చెప్పు.

జాలి మాత్రం చూపకు, వాళ్లకు నచ్చదు. అందరి ముందూ "పాపం, ఒక్కతే" అనకు. ఒకరి కథ ఇంకొకరికి చెప్పకు.

వచ్చే నెల చార్టు గోడకు అంటించే ముందు ఒక్కొక్కరినీ అడిగి రాయి. ఎవరి సంగతి ఎటూ తేలకపోతే నాకు ఫోన్ చెయ్యి.

ఇట్లు,
మీ పెద్దమ్మ