గ్రీకు వ్రాతప్రతుల పుష్పికలు – కాలనిర్ణయము

గ్రీకు వ్రాతప్రతుల కాలనిర్ణయమునకు లేఖకుని పుష్పిక ప్రధానాధారము. ఆక్స్‌ఫర్డు బోడ్లియన్ గ్రంథాలయమందలి ప్లేటో ప్రతి ఇందుకు చక్కని ఉదాహరణము. దీనిని ఆరెథాస్ కొఱకు యోహన్నెస్ అను లేఖకుడు వ్రాసెను. వ్రాతకు 13, చర్మపత్రములకు 8 బంగారు నాణెములు చెల్లినట్లు పుష్పిక తెలుపుచున్నది. అందలి కాలము సృష్ట్యాది 6404, నవంబరు మాసము, 14వ ఇండిక్షను. ఇండిక్షను అనగా 15 ఏండ్ల ఆవృత్తిలోని స్థానము.

బైజాంటియను సంవత్సరము సెప్టెంబరు 1న ఆరంభమగును. కావున సెప్టెంబరు మొదలు డిసెంబరు వఱకు 5509, తక్కిన మాసములందు 5508 తీసివేయవలెను. ఇచట 5508 తీసివేసినచో 896 అను దోషఫలితము వచ్చును, సరియైనది క్రీ.శ. 895. 6404ను 15చే భాగింపగా శేషము 14. ఇది ఇండిక్షనుతో సరిపోవుచున్నది.

అయినను మూలప్రతిలోని పుష్పికను తరువాతి లేఖకులు యథాతథముగ ఎత్తివ్రాయుట కలదు. కనుక లిపిని గూడ పరిశీలించిన పిమ్మటనే కాలము నిర్ణయింపదగును.