మధుమేహం: ఆహారనియమం, రక్తపరీక్ష, ప్రసాదస్వీకారం

ప్రవచనానంతరం నన్ను సమీపించే పెద్దలలో పలువురు అడిగే ప్రశ్నలు మూడు. మధుమేహం వచ్చినవారు ఏకాదశి ఉండవచ్చునా? ప్రసాదాన్ని నిరాకరిస్తే దోషమా? మడిలో వేలు పొడిచి రక్తం తీయవచ్చునా? పదేళ్లుగా ఈ వ్యాధితో జీవిస్తున్నవాణ్ణి కనుక, శాస్త్రపరిచయాన్ని, అనుభవాన్ని, వైద్యుల ఉపదేశాన్ని జోడించి ఈ పాఠం వ్రాస్తున్నాను.

ప్రాచీనుల దృష్టి

మధుమేహం మన పూర్వులు ఎరుగని వ్యాధి కాదు. చరకసంహిత ప్రమేహాలను ఇరవై విధాలుగా విభజించి, వాతజాలైన నాలుగింటిలో మధుమేహాన్ని చేర్చింది. కదలక సుఖంగా కూర్చోవడం, అధికనిద్ర, పెరుగు, బెల్లపు వంటకాలు, కొత్త ధాన్యం మొదలైనవాటిని కారణాలుగా చెప్పింది. రోగికి యవలను ప్రధానాహారంగా విధించింది. మూత్రానికి చీమలు చేరడాన్ని వ్యాధిసూచనగా గుర్తించింది. ఆనాటి వైద్యునికి చీమలు సాక్షులు. నేడు మన చేతిలో గ్లూకోమీటరు ఉన్నది.

పరీక్ష ఎందుకు?

ఒక విషయం తెలియాలంటే ప్రమాణం కావాలని న్యాయశాస్త్రం బోధిస్తుంది. మధుమేహి తరచు అనుమానప్రమాణం మీద ఆధారపడతాడు. ‘నాకు దాహం లేదు, నీరసం లేదు, కనుక చక్కెర పెరగలేదు’ అంటాడు. ఇది హేత్వాభాసం. చక్కెర 250 ఉన్నా ఏ బాధా తెలియకపోవచ్చు. బాధ తెలిసేనాటికి కన్ను, మూత్రపిండం, పాదాల నరాలు దెబ్బతిని ఉండవచ్చు. అందువల్ల ఈ వ్యాధిలో కొలిచి చూచినదే ప్రమాణం.

పరగడుపున రక్తంలో చక్కెర డెసిలీటరుకు 126 మిల్లీగ్రాములు లేదా అంతకు మించితే, మరొకమారు పరీక్షించి మధుమేహమని నిర్ధారిస్తారు. చికిత్సలో ఉన్నవారికి సాధారణంగా పరగడుపున 80 నుండి 130, భోజనానంతరం 180 లోపు ఉండడం లక్ష్యం. వృద్ధులకు, ఇతర వ్యాధులున్నవారికి వైద్యుడు ఈ హద్దును కొంత సడలించవచ్చు. సుమారు మూడు నెలల సగటును తెలిపే హెచ్‌బిఎ1సి పరీక్ష వేరే ఉన్నది. అది సంవత్సరఫలం వంటిది. గ్లూకోమీటరు చెప్పేది ఆ పూట తిథి. రెండూ కావాలి.

పరీక్షావిధి

చేతులు సబ్బుతో కడిగి, బాగా తుడుచుకోవాలి. లడ్డు పట్టుకున్న వేలినే పొడిస్తే యంత్రం రక్తంతోపాటు లడ్డులోని చక్కెరను కూడా లెక్కిస్తుంది. వేలికొన నడుమ కాక పక్కన పొడిస్తే నొప్పి తక్కువ. స్ట్రిప్పుల డబ్బా మూత బిగించి ఉంచాలి. గడువు దాటినవి వాడరాదు. భోజనానంతర పరీక్షకు రెండు గంటలను మొదటి ముద్ద తిన్న సమయం నుండి లెక్కించాలి. మడి విషయంలో సందేహమున్నవారు నిద్ర లేవగానే, స్నానానికి ముందు పరగడుపు పరీక్ష ముగించుకొనవచ్చు. ఆ తరువాత స్నానం, అనుష్ఠానం యథావిధిగా సాగుతాయి.

విస్తరిలో మార్పు

ఏది తినాలన్న ప్రశ్నకు మీ గ్లూకోమీటరే ఉత్తమ గురువు. నా పుస్తకంలోని రెండు పంక్తులు చూడండి. నాలుగు ఇడ్లీలు చట్నీతో తిన్ననాడు రెండు గంటలకు 212. రెండు ఇడ్లీలు, ముక్కలు దండిగా ఉన్న సాంబారుతో తిన్ననాడు 168. ఇవి నా శరీరం చెప్పిన అంకెలు. మీవి వేరుగా ఉండవచ్చు.

ప్రాణాహుతుల మెతుకులతో ఎవరికీ హాని లేదు. అవి కాగానే కూర, పప్పు కొంత తిని, తరువాత అన్నం కలుపుకుంటే చక్కెర నెమ్మదిగా పెరుగుతుంది. అన్నం తగ్గించిన మేర కూరగాయలను పెంచాలి. కొర్రలు, జొన్నలు మంచివే కాని అవీ ధాన్యాలే. పరిమాణం పెరిగితే చక్కెరా పెరుగుతుంది. బెల్లం, తేనె పవిత్రమైనవి కనుక హాని చేయవన్న భ్రమ వలదు. రక్తంలో చేరిన తరువాత వాటి పని చక్కెర పనే. భోజనమైన పిదప పది పదిహేను నిమిషాలు నడవడం ఎంతో మేలు. అయితే పాదాలలో స్పర్శ తగ్గినవారు ఎండవేళ రాతినేలపై ప్రదక్షిణ చేయరాదు. కాలు బొబ్బలెక్కినా వారికి తెలియదు.

ఉపవాసం, ఫలాహారం

మన ఇండ్లలో శనివారం రాత్రి అన్నం మాని ఉప్మాయో దోసెలో తిని ‘ఫలాహారం చేశాను’ అంటారు. వ్రతదృష్టితో అది సరే. రక్తానికి మాత్రం రవ్వ, సగ్గుబియ్యం, అన్నం ఒక్క కుటుంబమే.

పూర్ణోపవాసంలో ఇంతకంటె పెద్ద ప్రమాదం ఉన్నది. ఒక గృహంలో సత్యనారాయణ వ్రతం చేయిస్తున్న వృద్ధ పురోహితుడు ఉదయం మాత్ర వేసుకొని, వ్రతం ముగిసేదాకా ఏమీ తినరాదని నిశ్చయించుకున్నాడు. నేను పక్కనే కూర్చున్నాను. నాలుగవ కథలో మాట తడబడింది, ఒళ్లంతా చెమట పట్టింది, చేతులు వణికాయి. ఆ ఇంటి కోడలు తన మామగారి యంత్రంతో పరీక్షించగా 54 వచ్చింది. చక్కెర నీళ్లు త్రాగించి, పదిహేను నిమిషాలకు మరల పరీక్షించి, 92 చూచిన తరువాత కొద్దిగా అన్నం పెట్టారు. ఆయన విశ్రమించిన పిదప ఐదవ కథ చదివాడు.

ఇన్సులిన్, కొన్ని రకాల మాత్రలు వాడేవారు ఆహారం మానితే ఈ స్థితి రావచ్చు. 70 కంటె తగ్గితే మూడు చెంచాల చక్కెర నీటిలో కలిపి వెంటనే త్రాగాలి. స్పృహ తప్పినవారి నోట ఏమీ పోయరాదు, ఆసుపత్రికి చేర్చాలి. ఈ సమయంలో లడ్డు అక్కరకు రాదు, అందులోని నేయి చక్కెరను ఆలస్యం చేస్తుంది. రోగికి, వృద్ధునికి, బాలునికి ఉపవాసంలో మినహాయింపును ధర్మశాస్త్రకారులే ఇచ్చారు. ఔషధసేవనం వ్రతభంగం కాదనీ చెప్పారు. కనుక ఏకాదశికి ముందే వైద్యుని అడగండి. మాత్రను స్వయంగా మానడం, మార్చడం తగదు. ఆయన వద్దంటే ఆనాడు జపాన్ని పెంచండి, భోజనాన్ని మానకండి.

ప్రసాదం

ప్రసాదానికి పరిమాణ నియమం లేదు. చక్కెర పొంగలిని కణమాత్రం కన్నులకద్దుకొని స్వీకరించి, తక్కినది పక్కవారికి పంచితే లోపమేమీ లేదు. దోసెడు పులిహోర తీసుకున్ననాడు ఇంట్లో అంత అన్నం తగ్గించాలి. వడపప్పు, శనగల గుగ్గిళ్లు మనకు మరింత అనుకూలం.

ఈ మాసపు అభ్యాసం

వారానికి మూడు రోజులు, రోజుకు ఒక పూట, భోజనానికి ముందు ఒకమారు, రెండు గంటల తరువాత ఒకమారు పరీక్షించండి. తిన్నదేమిటో, ఎంతో, రెండు అంకెలను పుస్తకంలో వ్రాయండి. మాసాంతంలో ఆ పుస్తకాన్ని వైద్యునికి చూపండి. భగవంతుని సేవించడానికి ఈ శరీరమే సాధనం. దాని లెక్కను శ్రద్ధగా వ్రాయడం కూడా సేవలో భాగమే.

స్వస్తి.