రాయడానికి వీల్లేని డిస్కుకి చీటీ ఎలా?

మన హాస్టల్ స్టోరు గది సంగతి తీసుకోండి. వంట చేసే అక్క బియ్యం బస్తా తియ్యొచ్చు. మందుల పెట్టె మాత్రం ముట్టుకోకూడదు, గది తాళంచెవి చేతిలో ఉన్నా సరే! లినక్స్ కంప్యూటర్లో ఇలాంటి కాపలా ఒకటుంది. దాని పేరు ఎస్‌ఈలినక్స్. అమెరికా జాతీయ భద్రతా సంస్థ దీన్ని 2000లో విడుదల చేసింది. 2003లో లినక్స్ 2.6లో చేరింది.

ఇందులో ప్రతి ఫైలుకీ ఒక చీటీ ఉంటుంది. దాన్నే లేబుల్ అంటారు. అందులో యూజర్, రోల్, టైప్, లెవెల్ అని నాలుగు భాగాలు. వీటిలో టైప్ ముఖ్యం. ఏ ప్రోగ్రాం ఏ టైపు ఫైలు తెరవొచ్చో ముందే నియమం రాసి ఉంటుంది. నియమంలో లేకపోతే ఫైలు సొంతదారు ఒప్పుకున్నా కుదరదు.

ఈ చీటీ మామూలుగా ఫైలుతోపాటు డిస్కు మీదే ఉంటుంది. మరి ఆ డిస్కు చదవడానికే తప్ప రాయడానికి వీల్లేనిదైతే? అప్పుడు చీటీ మార్చబోతే కంప్యూటర్ ఒప్పుకోదు.

రాజమండ్రి గౌతమీ గ్రంథాలయంలో తాళపత్ర గ్రంథాలున్నాయి. పాత తాటాకు మీద మనం కొత్తగా గీయకూడదు కదా! గుర్తు కావాలంటే మొదట రాసినవారే గంటంతో రాసి ఉండాలి. లేదా కట్ట పైన చీటీ కట్టాలి. ఇక్కడా అంతే.

మొదటి దారి: తయారుచేసేటప్పుడే ఒక్కో ఫైలుకీ లేబుల్ పెట్టెయ్యడం. స్క్వాష్‌ఎఫ్‌ఎస్ అనే రకంలో ఇది కుదురుతుంది. ఆండ్రాయిడ్ ఫోన్లో సిస్టం భాగానికీ ఇలాగే ముందే పెడతారు. 2014లో వచ్చిన ఆండ్రాయిడ్ 5.0 నుంచి ఈ కాపలా పూర్తిగా అమలైంది.

రెండో దారి: డిస్కుని తగిలించేటప్పుడు, అంటే మౌంట్ చేసేటప్పుడు, 'కాంటెక్స్ట్' అనే మాటతో మొత్తానికీ ఒకే లేబుల్ చెప్పడం. అది డిస్కు మీద పడదు. కంప్యూటర్ మెమరీలోనే ఉండి, డిస్కు తీసెయ్యగానే పోతుంది. ఇందులో ఒక చిక్కుంది. బియ్యానికీ మందులకీ ఒకటే చీటీ అయిపోతుంది! అందుకని ఆ ఒక్క లేబుల్ ఆలోచించి ఎంచుకోవాలి.

చీటీ కుదరలేదని విసుగొచ్చి కొందరు కాపలానే ఆపేస్తారు. అప్పుడు ఆ ఒక్క డిస్కుకే కాదు, కంప్యూటర్ మొత్తానికీ ఆ కాపలా పోతుంది. మన అమ్మానాన్నల ఫోన్లో బ్యాంకు వివరాలు, ఫొటోలు ఉంటాయి. దొంగ ప్రోగ్రాం లోపలికొచ్చినా అన్నీ ముట్టుకోకుండా అడ్డుపడేవాటిలో ఈ చీటీ ఒకటి. కాబట్టి చీటీ సరిచేసుకోవాలి గానీ కాపలావాణ్ణి ఇంటికి పంపకూడదు.

– తొమ్మిదో తరగతి విద్యార్థిని