ఫోన్ ఎత్తకపోతే ప్రమాదమేనా?

ప్రశ్న: మా అబ్బాయికి హైదరాబాద్‌లో ఉద్యోగం. ఫోన్ ఎత్తకపోతే చాలు, ఏదో జరిగిందని గుండె దడ. మంచిగా ఆలోచించమంటారు అందరూ. ఎలా?
– ఒక తల్లి, తెనాలి

జవాబు: అమ్మా, చెడు ఆలోచన రావడం మీ తప్పు కాదు. ముప్పును ముందే పసిగట్టాలని చూడటం మెదడు స్వభావం. ఆ ఆలోచనను బలవంతంగా అణచాలని చూస్తే అది ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. ‘అంతా మంచే జరుగుతుంది’ అని జపించమనీ చెప్పను, మనసు నమ్మదు. 1960ల్లో అమెరికా మానసిక వైద్యుడు ఆరన్ బెక్ రూపొందించిన చికిత్సలో, వచ్చిన ఆలోచనను నిజమని ఒప్పేసుకోకుండా ఆధారాలు అడుగుతారు. మీరూ కాగితం మీద రాయండి. ఇంతకుముందు అబ్బాయి ఫోన్ ఎత్తనప్పుడు అసలు కారణమేమిటి? మీటింగా, నిద్రా, బండి నడుపుతున్నాడా? ఈసారీ అలాంటిదే అయి ఉండే అవకాశమే ఎక్కువ. నిద్ర, తిండి చెడేంత దిగులు వారాల తరబడి వదలకపోతే మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి. ఆ సేవ ఉచితం, తెలుగులో మాట్లాడవచ్చు.