బోర్డు చెప్పేది సగమే

చిరంజీవి అల్లుడికి మామయ్య దీవించి రాస్తున్నది.

హెవీ లైసెన్సు చేతికొచ్చిందనీ, గుంటూరు-హైదరాబాదు లైనులో లారీ ఎక్కుతున్నావనీ అమ్మ ఫోనులో చెప్పింది. చాలా సంతోషం. గేర్ల గురించి, బ్రేకుల గురించి, ఘాట్ రోడ్డు దిగడం గురించి నీకు చెప్పేవాళ్లు చాలామంది ఉంటారు. బండి ఎత్తు గురించి మాత్రం ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు. అందుకే ఆ ఒక్క సంగతీ రాస్తున్నాను. ఈ ఉత్తరం దాచుకో.

వంతెన ముందు ఎర్ర అంచున్న గుండ్రటి బోర్డు చూసే ఉంటావు. మధ్యలో అంకె, దాని పైనొకటి కిందొకటి నల్ల త్రికోణాలు. అంతకన్నా ఎత్తున్న బండి లోపలికి పోకూడదని దాని అర్థం. అది సలహా కాదు, నిషేధం. కానీ ఆ బోర్డు చెప్పేది సగమే. అది వంతెన సంగతి చెబుతుంది. నీ బండి సంగతి తెలియాల్సింది నీకు. ఆ రెండో అంకె నీ దగ్గర లేకపోతే బోర్డు ఉన్నా లేనట్టే.

కంపెనీ పుస్తకంలో ఉన్న ఎత్తు నమ్ముకోకు. ఛాసీ కంపెనీది, బాడీ మాత్రం విజయవాడ ఆటోనగర్ లాంటి చోట కట్టించింది. ఆపైన లోడు. పత్తి బేళ్లు ఎత్తినా, మిర్చి టిక్కీలు ఎత్తినా ఏ రోజు ఎత్తు ఆ రోజుదే. ఇంకో వరస వేద్దామని హమాలీలు అంటే, ఓనరు సరేనంటే, నిన్నటి లెక్క ఇవాళ చెల్లదు. పైన కప్పిన పట్టా ఉబ్బు, తాళ్ల ముడులు, క్యాబిన్ మీది స్టెప్నీ టైరు, ఇవన్నీ ఎత్తులోకే వస్తాయి.

కొలవడం కష్టమేం కాదు. పట్టా కప్పి తాళ్లు బిగించాక బండిని చదునైన నేల మీద నిలుపు. అన్నిటికన్నా ఎత్తైన చోట ఒక కర్రను అడ్డంగా, వాలకుండా పెట్టించు. దాని కొస నుంచి నేలకి టేపు దించు. వచ్చిన అంకెకు అర అడుగు కలుపుకో. గతుకులో బండి ఎగిరే ఎత్తు, టేపు పట్టడంలో తేడా, అన్నీ ఆ అర అడుగులో సర్దుకోవాలి. దాన్ని కాగితం మీద రాసి స్టీరింగు ముందు అంటించు. మీటర్లలోనూ రాయి, అడుగుల్లోనూ రాయి. హమాలీలు అడుగుల్లో మాట్లాడతారు, బోర్డు మీటర్లలో ఉంటుంది. 4 మీటర్లంటే 13 అడుగుల 1 అంగుళం. 3.6 మీటర్లంటే 11 అడుగుల 9 అంగుళాలు. వంతెన ముందు నిలబడి ఈ లెక్కలు వేసుకునే తీరిక ఉండదు.

కంటైనర్ బండి తోలాల్సి వస్తే ఇంకో జాగ్రత్త. మామూలు కంటైనర్ ఎత్తు ఎనిమిదిన్నర అడుగులు. హై క్యూబ్ అనే రకం తొమ్మిదిన్నర. అదే ట్రైలరు, అదే దారి, కానీ ఒక అడుగు తేడా. ఏది ఎక్కించారో అడిగి తెలుసుకోకుండా పోర్టు గేటు దాటకు. లోడుతో దూరిన వంతెనే కదా అని ఖాళీ కంటైనర్‌తో ధీమాగా వచ్చేయకు. లోడు దిగితే కమాను పట్టీలు లేచి బండి కొన్ని అంగుళాలు పైకి వస్తుంది.

వంతెన అంకె కూడా ఎప్పుడూ ఒకేలా ఉండదు. బోర్డు పెట్టాక రోడ్డు మీద తారు పొర మీద పొర వేస్తే ఆ మేరకు ఎత్తు తగ్గుతుంది, బోర్డు మాత్రం పాతదే ఉంటుంది. గుంటూరు మూడు వంతెనలు, సికింద్రాబాద్ ఆలుగడ్డ బావి లాంటి చోట్ల రైలు పైన, రోడ్డు కింద. ఇలాంటి చోట రోడ్డు పల్లానికి దిగి మళ్లీ ఎక్కితే, పొడుగు బండి ముందు చక్రాలు అవతలి ఎత్తు మీదా వెనక చక్రాలు ఇవతలి ఎత్తు మీదా ఉంటాయి. అప్పుడు బండి నడుము గర్డరుకు దగ్గరవుతుంది. కమాను వంతెనైతే ఎత్తంతా మధ్యలోనే, పక్కకు జరిగితే తగులుతుంది.

చట్టం సంగతీ విను. సరుకు లారీల ఎత్తు పరిమితి ముందు 3.8 మీటర్లు, 2020లో దాన్ని 4 మీటర్లు చేశారు. ఆ పరిమితికి మించి లోడు ఎత్తితే 20,000 రూపాయల జరిమానా, పైగా ఎక్కువైన సరుకు దింపించే ఖర్చూ మనదే. అయితే చట్టం 4 మీటర్లు ఒప్పుకుంది కదా అని 3.6 రాసిన వంతెన నిన్ను దూరనివ్వదు. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ వదిలేసినా గర్డరు వదలదు.

రైల్వే గేటు దగ్గర రోడ్డుకు అడ్డంగా పైన ఇనుప కమ్మీ ఉంటుంది, హైట్ గేజ్ అంటారు. అది 4.67 మీటర్ల ఎత్తులో ఉంటుంది. దాని వెనక పట్టాల మీద ఉన్నది 25,000 వోల్టుల తీగ. ఆ తీగను ముట్టుకోనక్కర్లేదు, దగ్గరికి పోయినా ప్రాణం తీస్తుంది. కమ్మీకి తగిలితే బండి వెనక్కి తీయాలి తప్ప, దాన్ని వంచి దూరకూడదు. ఊళ్లలో గడ్డి లోడుతో పోతూ క్లీనర్ని పైకెక్కించి కర్రతో కరెంటు తీగలు ఎత్తిస్తారు కొందరు. ఆ పని నువ్వు ఎప్పుడూ చేయించకు. వాడు ఒక తల్లి బిడ్డ.

ఫోనులో మ్యాపు చూపే దారి కార్లకోసం. నీ లారీ ఎత్తు దానికి తెలియదు. కొత్త దారైతే ఆ లైనులో తిరిగే డ్రైవర్లని అడుగు, ఢాబాలో అడుగు.

అనుమానం వస్తే దూరంగానే ఆపు, పార్కింగు లైట్లు వెయ్యి. క్లీనర్ని దింపి పక్కనుంచి చూడమను, నువ్వూ దిగి చూడు. ఖాళీ చాలదనిపిస్తే వెనక్కి తిప్పు. వెనకున్న వాళ్లు హారన్లు కొడతారు, ఓనరు ఫోన్లో కేకలేస్తాడు. వాళ్లెవరూ నీతోపాటు క్యాబిన్లో లేరు. ఇరవై కిలోమీటర్ల చుట్టు దారి డీజిలుతో పోతుంది. ఇరుక్కుంటే బండి, సరుకు, ఉద్యోగం మూడూ పోతాయి.

ఎప్పుడైనా తగిలిందే అనుకో, ముందుకు లాగొద్దు, పారిపోవద్దు. పైన రైలు పోయే వంతెనైతే ముందు 139కి ఫోన్ చేసి ఎక్కడో చెప్పు. నీ దెబ్బకి పట్టాలు కదిలాయేమో రైల్వే వాళ్లు చూసి చెప్పేదాకా పైన రైళ్లు ఆగాలి. ఒక్కో రైల్లో వందల మంది ఉంటారు. టైర్ల గాలి తీస్తే బండి కొంచెం దిగుతుంది. అది వెనక్కి రావడానికే, ముందుకు దూరడానికి కాదు.

లోడు ఎక్కిన ప్రతిసారీ టేపు తియ్యి. అది నిన్ను, నీ క్లీనర్ని, పైన రైల్లో పోయేవాళ్లని కాపాడుతుంది. మొదటి ట్రిప్పు బయల్దేరే ముందు బండి ఎత్తు ఎంతో నాకు ఫోన్ చేసి చెప్పు. ఆ అంకె నీ నోట వినాలి. క్షేమంగా వెళ్లి లాభంగా రా.

ఇట్లు,
నీ మామయ్య